మీ ఫిర్యాదు పరిష్కరించబడింది

2022 జులై. గోదావరి పొంగి భద్రాచలం చుట్టూ నీళ్లు చేరాయని టీవీలన్నీ అటే చూపిస్తున్న వారం. మా ఊళ్లో గోదావరి లేదు, ఒక మోరీ ఉంది. ఆ రాత్రి కరెంటు పోయింది. కొవ్వొత్తులు తెస్తానని మా నాన్న గొడుగు పట్టుకుని బయటికి వెళ్లాడు. గల్లీ నిండా మోకాళ్ల దాకా నీళ్లు. ఏది రోడ్డో ఏది మోరీయో తెలియదు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టరుగా, కదిలే బస్సులో ఏ కడ్డీ పట్టుకోకుండా టికెట్లు కొట్టిన మనిషి, ఇంటికి ఇరవై అడుగుల దూరంలో మోరీలో పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది.

నేను హైదరాబాద్‌లో ఉన్నాను. రాత్రి పదకొండింటికి అమ్మ ఫోన్. "నాన్న మోరీల పడ్డడురా" అంది. ఆపరేషన్, రాడ్డు, మూడు నెలలు మంచం. ఇప్పుడు నడుస్తాడు, కుడికాలు కాస్త ఈడ్చి నడుస్తాడు.

ఆ మోరీ గురించి చెప్పాలి. 2019లో మా గల్లీకి సీసీ రోడ్డు వేసినప్పుడు దాని పక్కనే కట్టారు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. పైన మూత లేదు. ఎవరి గేటు ముందు వాళ్లు సొంత డబ్బుతో రెండు మూడు షాబాద్ బండలు వేసుకున్నారు, స్కూటర్ ఎక్కించుకోడానికి. గేటుకీ గేటుకీ మధ్య అంతా తెరిచే ఉంటుంది. నాన్న పడింది ఒక ఖాళీ ప్లాటు ముందు. అక్కడ ఇల్లూ లేదు, గేటూ లేదు, బండలూ లేవు.

అంతకు ముందు ఆ మోరీలో రెండు కుక్కపిల్లలు, ఒక బర్రెదూడ, ట్యూషన్ నుంచి వస్తున్న ఒక పిల్లాడు పడ్డారు. పిల్లాడికి దెబ్బలేం తగల్లేదు కాబట్టి గల్లీ అంతా నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

వేరే గల్లీ ఫొటో

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సమస్య కనిపిస్తే ముందు యాప్ వెతకడం మాకు అలవాటు. నాన్నకి ఆపరేషన్ అయిన మూడో రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫిర్యాదుల యాప్ దించుకున్నాను. మోరీ ఫొటో, గల్లీ పేరు, లొకేషన్ పిన్ అన్నీ పెట్టాను. వెంటనే ఒక నంబరు వచ్చింది. బాగానే ఉందే అనుకున్నాను.

మూడు రోజులకి మెసేజ్. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.' లోపల ఒక ఫొటో కూడా ఉంది, పని పూర్తయినట్టు రుజువు. శుభ్రంగా స్లాబు వేసిన మోరీ, పక్కన నీలం గేటు, గేటు మీద బోగన్‌విలియా తీగ. మా గల్లీలో నీలం గేటు లేదు. బోగన్‌విలియా అసలే లేదు.

తెలుగులో ఎవరూ 'అన్నం తినబడింది' అనరు. ఎవరు తిన్నారో చెప్పక్కర్లేనప్పుడే ఈ 'బడింది' కావలసి వస్తుంది. ఆ యాప్ నిండా అవే. స్వీకరించబడింది, పంపబడింది, పరిశీలించబడింది.

మళ్లీ ఫిర్యాదు చేశాను. ఈసారి ఫొటో కూడా పెట్టకుండా రెండు రోజుల్లో మూసేశారు. మూడోసారి 'ఇదివరకే పరిష్కరించిన ఫిర్యాదు' అని వచ్చింది. తిరిగి తెరవడానికి బటన్ లేదు. మా ఆఫీసులో అయితే కస్టమర్ ఒక్క నొక్కు నొక్కితే టికెట్ మళ్లీ లేచి కూర్చుంటుంది, మేనేజర్ ఎందుకు లేచిందని అడుగుతాడు. ఇక్కడ అడిగేవాడు లేడు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి ఉద్యోగంలో నేను సపోర్ట్ టీములో ఉండేవాణ్ని. నెలాఖరుకు బోర్డు మీద అంకెలు పచ్చగా కనిపించాలి. కస్టమర్ జవాబు ఇవ్వలేదన్న సాకుతో నేనూ టికెట్లు మూశాను, ఒక్కో నెల పదో పదిహేనో. ఆ నీలం గేటు ఫొటో పెట్టిన మనిషి ఎవరో గానీ, అతని మీద ఓ పెద్దాయన ఉంటాడు, ఆయన మీద ఇంకొకరు. పెండింగ్ ఎన్ని అని అడుగుతారు తప్ప, మోరీకి మూత పడిందా అని ఎవరూ అడగరు. ఎండింగ్ నుంచి చూస్తే అందరూ తమ పని తాము చేసినట్టే ఉంటుంది.

తర్వాత ఢిల్లీకి రాశాను. కేంద్రం ఫిర్యాదుల పోర్టల్‌లో పెడితే పై నుంచి ఒత్తిడి వస్తుందని ఆఫీసులో ఒకరు చెప్పారు. ఢిల్లీ నుంచి రాష్ట్ర సచివాలయానికి, అక్కడి నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మా మున్సిపాలిటీకి ఆ ఫిర్యాదు దిగుతూ రావడం స్క్రీన్ మీద రోజూ చూసేవాణ్ని. నాలుగు నెలల ప్రయాణం చేసి చివరికి ఏ టేబుల్ మీద వాలిందో తెలుసా? నీలం గేటు ఫొటో పెట్టిన సెక్షన్‌లోనే. 'నిధుల లభ్యతను బట్టి చర్య తీసుకోబడును' అని రాసి మూసేశారు. ఢిల్లీలో కూడా అది పరిష్కారమైన ఫిర్యాదుల లెక్కలోకే పోయి ఉంటుంది.

రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పద్దెనిమిది అంశాల్లో రోడ్లూ ఉన్నాయి, పారిశుద్ధ్యమూ ఉంది. డబ్బు మాత్రం ఢిల్లీ నుంచి ఆర్థిక సంఘం గ్రాంటుగానో, రాష్ట్రం నుంచి మరో పద్దుగానో రావాలి. కాబట్టి మోరీ గురించి కింద అడిగితే పైకి చూపిస్తారు, పైన అడిగితే కిందికి చూపిస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, అదే పెద్ద చిక్కు.

పది రూపాయల స్టాంపు

ఆ సెప్టెంబరులోనే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. తెల్లకాగితం, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు. గ్రామస్థాయిలో అయితే అదీ అక్కర్లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. నేను అడిగినవి మూడే. మా గల్లీ రోడ్డు, మోరీ పనికి వేసిన ఎస్టిమేటు. ఆ పనికి సంబంధించిన ఎం-బుక్, అంటే మెజర్‌మెంట్ బుక్, నకలు. చెల్లించిన బిల్లు.

ఇన్‌వార్డులో ముద్ర వేసి ఇచ్చారు. ఆ ముద్ర చూసి ఎందుకో ధైర్యం వచ్చింది.

పది రోజులు కాకముందే ఇంటికి జవాబు వచ్చింది, కాగితం రూపంలో మాత్రం కాదు. మా వార్డు కౌన్సిలర్ గారి భర్త వచ్చాడు. మాకు తెలిసిన కౌన్సిలర్ ఆయనే, ఆమెని ఎన్నికల పోస్టర్ మీద తప్ప చూడలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"కాలు ఎట్లున్నది కాకా?"

"మంచిగనే ఉన్నది బిడ్డా."

"మనోళ్లమే గద కాకా. ఒక్క మాట చెప్తే అయిపోవు. ఈ కాయితాలు ఎందుకు? మీ వార్డు నుంచి ఆర్టీఐ పడ్డదని ఆఫీసోళ్లు నన్ను అడుగుతుర్రు."

దరఖాస్తు ఎవరు పెట్టారో ఆయనకెలా తెలిసిందని నేను అడగబోయాను. నాన్న కళ్లతోనే ఆపాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. ఆయన నిజంగానే మర్యాదగా మాట్లాడాడు, బెదిరించలేదు. పోతూ పోతూ యాపిల్ పండ్ల సంచి బల్ల మీద పెట్టాడు.

ఆయన వెళ్లాక నాన్న అన్నాడు: "నువ్వు సోమారం పొద్దుగాల బస్సెక్కి పోతవు. మేము ఈ గల్లీల ఉండాలె. రేపు ఇంటి పన్ను కాడ, నల్లా కాడ, పింఛన్ సంతకం కాడ, అన్నిటికి ఆ ఆఫీసుకే పోవాలె. ఇడిసిపెట్టు."

వదల్లేదు. ముప్పై రోజులు చూశాను. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వకపోతే నిరాకరించినట్టే లెక్క అని చట్టంలో ఉంది. అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టాను. ఆయనకి ముప్పై రోజులు, మరీ అయితే నలభై ఐదు. అక్కడా మౌనమే. ఆ మొదటి అప్పీలు అధికారి జవాబు ఇప్పించమని ఆదేశించగలరు గానీ జరిమానా వేయలేరు. జవాబు ఇవ్వని అధికారికి రోజుకి 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 జరిమానా వేసే అధికారం ఒక్క సమాచార కమిషన్‌కే ఉంది. మొత్తం చట్టానికి ఉన్న కోర అదొక్కటే.

2023 ఫిబ్రవరిలో రెండో అప్పీలు రాసి, ప్రింటు తీసి, జత చేయాల్సినవన్నీ కుట్టి సిద్ధం చేసుకున్నాను. ఆ నెలలోనే తెలంగాణ సమాచార కమిషన్‌లో ఉన్నవాళ్ల పదవీకాలం ముగిసింది. కొత్తవాళ్లని వేయలేదు. కొన్ని వారాల్లో వేస్తారని అందరూ అనుకున్నారు. 2025 మే దాకా వేయలేదు. మధ్యలో ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారింది, కుర్చీలు మాత్రం అలాగే ఉన్నాయి. రెండేళ్లకు పైగా ఒక రాష్ట్రంలో ఆ చట్టానికి కోర లేదు. జార్ఖండ్‌లో ఇంకా ఘోరం, 2020 మే నుంచి ఏళ్ల తరబడి అదే పరిస్థితి. కమిషనర్ల ఖాళీలు సకాలంలో నింపాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే స్పష్టంగా చెప్పింది. ఢిల్లీలోని కేంద్ర కమిషన్‌కే పలుమార్లు ప్రధాన కమిషనర్ లేకుండా రోజులు గడిచాయి.

చట్టాన్ని రద్దు చేస్తే ధర్నాలు జరుగుతాయి. కుర్చీ నింపకపోతే ఏమీ జరగదు. లోపలి పేజీలో ఓ చిన్న వార్త వస్తుంది, అంతే. నేను ఆ అప్పీలు పోస్టు చేయలేదు. వినేవాళ్లే లేనిచోటికి పంపి ఏం లాభం అనిపించింది. అది నా తప్పే. తొంభై రోజుల గడువు దాటిపోయింది, తర్వాత కమిషనర్లు వచ్చినా నా పేరు వరసలో లేదు. ఏ వారం ఊరికి వెళ్లినా బ్యాగులో ఆ కవరు అలాగే ఉండేది. నాన్న ఏమీ అనేవాడు కాదు. వాన పడితే మాత్రం గుమ్మం దాటేవాడు కాదు.

ఎర్ర సిరా గీత

ఖాళీగా ఉన్నప్పుడు ఈ చట్టం ఎలా పుట్టిందో చదివాను. రాజస్థాన్ పల్లెల్లో కూలీలు తమకి ప్రభుత్వం ఎంత కూలి ఇచ్చినట్టు రాసుకుందో చూపించమని అడిగారు. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వాళ్లతో కలిసి నడిపిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జన సునవాయి పెట్టింది. మస్టర్ రోల్‌లో పేర్లు గట్టిగా చదివారు. చదువుతుంటే జనంలోంచి, ఈయన చనిపోయాడు, ఆమె ఆ రోజు ఊళ్లోనే లేదు, అనే జవాబులు. 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా. అక్కడి నుంచి 2005 అక్టోబరు 12న చట్టం దేశమంతా అమల్లోకి రావడానికి తొమ్మిదేళ్లు.

దీనికి మన వైపు కొనసాగింపు కూడా ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పథకానికి సామాజిక తనిఖీని ఒక పద్ధతిగా నిలబెట్టిన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఊరి యువకులే ఇల్లిల్లూ తిరిగి, రికార్డులో రాసినది అడిగి సరిచూసి, మండల కేంద్రంలో అందరి ముందూ చదివేవారు. చదువు రాని కూలీ కూడా ఎం-బుక్ అనే మాట నేర్చుకున్నాడు. పట్టణంలో పుట్టి, బీటెక్ చదివిన నాకు ఆ మాట ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా తెలియదు. మున్సిపాలిటీల్లో అలా గల్లీలో నిలబడి లెక్కలు చదివే ఏర్పాటు నేను చూడలేదు.

చదువుతుంటే ఒక సెక్షన్ దగ్గర ఆగిపోయాను. 2(జె). సమాచార హక్కు అంటే నకళ్లు తీసుకోవడం ఒక్కటే కాదట. పనుల్ని, పత్రాల్ని, రికార్డుల్ని స్వయంగా చూసే హక్కు, నోట్సు రాసుకునే హక్కు, చివరికి వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా అందులోనే ఉంది. నకలు ఇవ్వడానికి ఒకరు కూర్చుని జిరాక్సులు తీయాలి, సంతకాలు పెట్టాలి, ఆ సంతకానికి భయపడతారు. చూపించడానికి సంతకం అక్కర్లేదు కదా అనిపించింది.

2024 డిసెంబరులో కొత్త దరఖాస్తు పెట్టాను. రికార్డు చూస్తాను, తేదీ చెప్పండి అని. ఈసారి ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి 2025 ఫిబ్రవరి. జనవరితో పాలకవర్గాల గడువు అయిపోయి ప్రత్యేకాధికారి ఏలుబడిలో ఉంది ఆఫీసు. కౌన్సిలర్ల బోర్డు మీద పేర్లు ఇంకా చెరపలేదు.

ఏఈ నా వయసు కుర్రాడే. పాత ఏఈ బదిలీ అయి, ఈయన వచ్చి ఎనిమిది నెలలట. పక్క మున్సిపాలిటీకి కూడా ఇన్‌చార్జి. "ఎక్కడ చేస్తారు సార్?" అన్నాడు. చెప్పాను. "నాదీ బీటెక్కే, సివిల్" అని నవ్వి, అటెండర్ని పిలిచి బీరువా తీయించాడు.

ఎం-బుక్ నేను అనుకున్నదానికంటే అందమైన వస్తువు. గట్టి అట్ట, ప్రతి పేజీకి ముందే అచ్చువేసిన నంబరు. ఏ పేజీ చింపినా తెలిసిపోతుంది. పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం గళ్లు. చెరపకూడదు, తప్పు రాస్తే గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. ఏఈ కొలిచి రాస్తే పై ఇంజినీరు కొన్నింటిని తిరిగి కొలిచి సరిచూడాలి. మేము కోడ్‌కి వాడే గిట్ కూడా చేసేది ఇదే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెరగకుండా దాచడం. మాకంటే వందేళ్ల ముందే ఎవరో ఆలోచించి పెట్టారు.

మా గల్లీ పేజీ దొరికింది. టేపు జేబులో పెట్టుకునే వెళ్లాను, ముందు రోజు సాయంత్రం నేను కొలిచి రాసుకున్న అంకెలూ ఉన్నాయి. రోడ్డు పొడవు సరిపోయింది. మోరీ పొడవు సరిపోయింది. గోడ మందం సరిపోయింది. గుండె దడదడ కొట్టుకుంటూ ఆఖరి వరసకి వచ్చాను, మూతల కోసం. మూతలు కొలిచి రాసి, బిల్లు తీసుకుని, వేయకుండా వదిలేశారన్నది రెండున్నరేళ్లుగా నా గట్టి నమ్మకం.

మూతల వరస ఎం-బుక్‌లో అసలు లేదు. చేయని పనికి డబ్బు తీసుకోలేదు.

ఎస్టిమేటు తీయించాను. అందులో ఉంది. ఏడో ఐటెం, కవర్ స్లాబులు. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత. పక్కన, 'నిధుల పరిమితి మేరకు తొలగించడమైనది' అని ఒక వాక్యం, ఒక పొట్టి సంతకం.

"సాంక్షన్ అయిన డబ్బులో రోడ్డూ మోరీ రెండూ పట్టాలంటే ఏదో ఒకటి తీయాలి సార్. మూతలు వచ్చే ఏడు పద్దులో పెడదామనుకుని ఉంటారు" అన్నాడు ఏఈ.

"మరి పెట్టారా?"

"ఆ ఏడు కరోనా వచ్చింది. ఆ తర్వాత ఆయన బదిలీ అయిపోయాడు."

దొంగ దొరికి ఉంటే బాగుండేది. కోపం తీర్చుకోడానికి ఒక మొహం దొరికేది. దొరికింది ఒక గీత. ఆ గీత కొట్టిన మనిషి కూడా తప్పు రాయలేదు, దాచలేదు. పద్ధతి ప్రకారం పక్కన సంతకం కూడా పెట్టాడు. ఏడో ఐటెం తీసేశామన్న ఒక్క ముక్క ఎవరైనా మా గల్లీలో చెప్పి ఉంటే సరిపోయేది. మొదటిరోజు యాప్‌లో రాసి ఉన్నా సరిపోయేది. ఏఈకి అది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. నాకు ఆ రెండు నిమిషాల కోసం రెండున్నరేళ్లు పట్టింది.

"ముందే చెప్పొచ్చు కదా" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "చెప్తే రాసివ్వమంటారు సార్. రాసిస్తే ఎప్పుడు వేస్తారని అడుగుతారు. ఎప్పుడో నాకూ తెలియదు కదా" అన్నాడు. ఆయన మీద కూడా కోపం తెచ్చుకోలేకపోయాను.

ఆ పొట్టి సంతకం పక్కన పేరు, హోదా, తేదీ ఉన్నాయి. నోట్సు రాసుకున్నాను. ఇప్పుడు అదే పని చేయబోతే ఏమయ్యేదో చెప్పలేను. 2019లో పార్లమెంటు సమాచార హక్కు చట్టాన్ని సవరించి, కమిషనర్లకు ఉన్న ఐదేళ్ల ఖాయమైన పదవీకాలం తీసేసింది. గడువు, జీతం కేంద్రమే నిర్ణయిస్తుంది, ఇప్పుడు మూడేళ్లు. ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆర్టీఐలోని 8(1)(జె)ని మార్చింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇదివరకు ఒకరి వ్యక్తిగత సమాచారం ఇవ్వననాలంటే అది ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదై ఉండాలి, లేదా అనవసరంగా ఒకరి ఏకాంతంలోకి చొరబడేదై ఉండాలి. పార్లమెంటుకి నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న మాట కూడా ఉండేది. అవన్నీ పోయి 'వ్యక్తిగత సమాచారం' అనే ముక్క ఒక్కటి మిగిలింది. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని 8(2) ఇంకా ఉంది కదా అని ప్రభుత్వం అంటోంది. ఉంది, నిజమే. కానీ ఆ ప్రయోజనాన్ని తూచాల్సింది ఎవరు? మొదట ఆ ఆఫీసు, చివరికి ఆ కమిషన్. మా ఆఫీసు మొదటిసారి ఎలా తూచిందో చూశాను కదా.

నా డేటా ఎవరూ అమ్ముకోకూడదని నేనూ కోరుకుంటాను. నా ఉద్యోగమే డేటాతో. అయితే ప్రభుత్వ డబ్బుతో కట్టిన మోరీ ఎస్టిమేటు మీద సంతకం పెట్టిన ఇంజినీరు పేరు, వాళ్లమ్మాయి ఫోన్ నంబరు ఒకటి కాదు.

ఆ ఫిబ్రవరి రోజుకి వస్తాను. సాయంత్రం ఇంటికెళ్లి నాన్నకి మొత్తం చెప్పాను. దొంగ లేడని, ఎర్ర గీత అని, పద్దు అని. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"గీ మాట అప్పుడే చెప్తే ఆ బండలేవో మనమే ఏసుకుందుం గదరా."

అంతే అయింది. ఆ మే నెలలో, వానలు మొదలుకాకముందే, గల్లీలో పదకొండు ఇళ్లవాళ్లు తలా రెండు వేలు వేసుకున్నాం. ట్రాక్టరులో షాబాద్ బండలు తెప్పించాం. ఖాళీ ప్లాటు ముందు భాగానికి ప్లాటాయన అమెరికా నుంచి ఫోన్‌పే చేస్తానన్నాడు, ఇంకా చేయలేదు, ఆ వాటా నాన్నే పెట్టాడు. దగ్గరుండి అక్కడే ముందు వేయించాడు. ఒక్కో బండ మీద నిలబడి చూసి, కదులుతోందంటే మళ్లీ తీయించి కింద సిమెంటు పెట్టించాడు. ఆ వానాకాలం రాత్రిపూట టార్చి పట్టుకుని కిరాణా దుకాణం దాకా వెళ్లొచ్చాడని అమ్మ చెప్పింది. నేను ఆఫీసులో ఉన్నాను, లేచి బయటికెళ్లి కాసేపు నిలబడ్డాను.

పోయిన నెల అమ్మ ఒక ఫొటో వాట్సాప్‌లో పంపింది. మున్సిపాలిటీ నోటీసు. మురుగుకాలువపై అనుమతి లేకుండా బండలు పరచి పూడికతీతకు ఆటంకం కలిగించినందున, ఏడు రోజుల్లోగా తొలగించవలెను లేదా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను. కింద సంతకం, హోదా, ముద్ర, తేదీ. మూడేళ్లలో ఆ ఆఫీసు నుంచి మా ఇంటికి వచ్చిన మొదటి కాగితం అది.

వెంటనే ఫోన్ చేశాను. నాన్న ఎత్తాడు. కోపంగా ఉంటాడనుకున్నాను, లేడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదువుతున్నాడట.

"ఏడు దినాలే ఇచ్చిర్రు గదా" అన్నాడు. "నీ దగ్గర ఆ ఎర్ర గీత రాసుకున్న కాయితం ఉన్నదా? శనివారం వచ్చేటప్పుడు పట్టుకరా. ఆలస్యం చేస్తే బాగుండదు."